మహమ్మారి కాలంలో వృద్ధాశ్రమవాసులు

కోవిడ్-19 వృద్ధులకు ఎక్కువ ప్రమాదకరమని మీకు తెలుసు. వృద్ధాశ్రమాల్లో ఉండేవారు మాత్రం రెండు విధాలుగా నష్టపోయారు. ఒకటి వ్యాధి వల్ల, రెండోది వ్యాధి రాకుండా తీసుకున్న జాగ్రత్త వల్ల. వీటిని విడివిడిగా పరిశీలిద్దాం.

1. వ్యాధి వల్ల కలిగిన నష్టం

వయసు పెరిగేకొద్దీ రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మధుమేహం, గుండెజబ్బు తోడైతే వ్యాధి తీవ్రమవుతుంది. కొందరు వృద్ధుల్లో జ్వరం, దగ్గు లేకుండా మగత, తికమక, అన్నం సయించకపోవడం మాత్రమే కనిపిస్తాయి. అందువల్ల వ్యాధిని గుర్తించడం ఆలస్యమవుతుంది. పైగా ఆశ్రమంలో పడకలు దగ్గరగా ఉంటాయి. భోజనాల గది, స్నానాల గదులు ఉమ్మడివి. ఒకే ఆయా పలువురికి స్నానం చేయించాలి, చేయిపట్టి లేపాలి. అక్కడ భౌతిక దూరం పాటించడం కష్టం. కెనడాలో మొదటి విడత కోవిడ్ మరణాల్లో సుమారు 80 శాతం ఇటువంటి సంరక్షణ గృహాల్లోని వారివే. సంపన్న దేశాలకు కూడా ఈ సమస్య తప్పలేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

2. జాగ్రత్త వల్ల కలిగిన నష్టం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాదు నుంచి సొంత ఊళ్లకు బయలుదేరిన వేలాదిమంది జగ్గయ్యపేట మండలం గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆగిపోయారు. అప్పటి కృష్ణా జిల్లాలోని (నేటి ఎన్టీఆర్ జిల్లా) జగ్గయ్యపేట, నందిగామలకు హైదరాబాదు నుంచి పొద్దున బయలుదేరి, అయినవారిని చూసుకుని, రాత్రికి తిరిగి చేరుకోవచ్చు. ఆ రోజుల్లో అది సాధ్యం కాలేదు. తల్లిని ఇక్కడి ఆశ్రమంలో ఉంచి హైదరాబాదులో పనిచేసే కొడుకును ఊహించండి. అతడికి చెక్‌పోస్టు ఒక అడ్డంకి, ఆశ్రమం గేటు మరో అడ్డంకి.

చూడటానికి వచ్చే కొడుకో, కూతురో మందులు తెస్తారు. అమ్మ చిక్కిపోయిందని ముందుగా గమనించేదీ వారే. రాకపోకలు ఆగితే పలకరింపుతోపాటు ఈ పర్యవేక్షణ కూడా ఆగిపోతుంది. గదిలోనే ఉండిపోతే నడక తగ్గి కండరాలు బలహీనపడతాయి. మతిమరుపు ఉన్నవారిలో అయోమయం పెరుగుతుంది. చెవులు సరిగా వినపడనివారికి ఫోను అంతగా ఉపయోగపడదు.

3. టీకా, గుర్తింపు కార్డు

60 ఏళ్లు దాటినవారికి టీకా 2021 మార్చి 1న ప్రారంభమైంది. అప్పట్లో నమోదుకు గుర్తింపు కార్డు అవసరమైంది. అయినవారు లేక ఆశ్రమం చేరినవారిలో కొందరి దగ్గర అది ఉండదు. కార్డులు లేనివారికీ టీకా వేయడానికి కేంద్రం ఆ తర్వాత ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో వృద్ధాశ్రమవాసులను కూడా చేర్చింది.

4. ముగింపు

వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు గేటు మూయక తప్పకపోవచ్చు. అయితే కుటుంబం చేసే పనులను ఆ కాలంలో ఎవరు చేస్తారో ముందే నిర్ణయించాలి. రోజూ ఆక్సిజన్ స్థాయి చూసి రాయడం, ఆరుబయట దూరంగా కూర్చోబెట్టి అయినవారితో మాట్లాడించడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వృద్ధాశ్రమంలో భౌతిక దూరం పాటించడం ఎందుకు కష్టం?
2. సందర్శకుల రాక ఆగిపోతే ఆశ్రమవాసుల ఆరోగ్యంపై కలిగే ప్రభావాలను వివరించండి.