అద్దాన్ని లాగేది మట్టే!

2017 ఆగస్టు 17. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనే ముందు పుట్టిన గురుత్వ తరంగాలు అమెరికాలోని లైగోకు చిక్కాయి. దాదాపు 100 సెకన్లే! టెలిస్కోపులకు కబురు అందేసరికి సిగ్నల్ ఆగిపోయింది.

అదే సెకనుకు 3 ఊపుల దగ్గర్నుంచే, అంటే 3 హెర్ట్జ్ నుంచే వినగలిగితే? గంటల తరబడి వినిపించేది. మరి అడ్డేంటి అంటారా... నేల!

రైలు వెళ్లినా, అల తీరాన్ని కొట్టినా నేల వణుకుతుంది. అందుకే లైగోలో 40 కిలోల అద్దాలను సన్నటి గాజు పోగులతో నాలుగంచెల లోలకంలా వేలాడదీశారు. 10 హెర్ట్జ్ దిగువకు వెళ్తే ఈ ఊయల చాలదు. పైగా అద్దాన్ని కుదురుగా ఉంచే వ్యవస్థలే అక్కడ గోల చేస్తాయి. కామెడీగా ఉన్నా నిజం!

అది దాటినా ఇంకో చిక్కు. నేల ఊగితే మట్టి ఒకచోట దగ్గరపడి, ఇంకోచోట పలచబడుతుంది. దాంతో ఆకర్షణ మారి, అద్దాన్ని నేరుగా లాగుతుంది. ఇదే న్యూటోనియన్ నాయిస్. గురుత్వాకర్షణకు గోడ కట్టలేం కదా!

చుట్టూ సీస్మోమీటర్లు పెట్టి, ఆ లాగుడెంతో లెక్కేసి డేటాలోంచి తీసేయడం ఒక దారి. మీ ఇయర్‌బడ్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ లాంటిదే. ఇంకోటి, ప్రకంపనలు తగ్గే లోతుకి దిగడం. జపాన్ కాగ్రా ఇప్పటికే 200 మీటర్ల లోతులో ఉంది. యూరప్ ప్లాన్ చేస్తున్న ఐన్‌స్టీన్ టెలిస్కోప్‌దీ అదే దారి. అక్కడా సీస్మోమీటర్లు తప్పవు.