పాత కారు బోల్టును ఎంత బిగించాలి?

మీ ఇంట్లో పాత అంబాసిడర్ కారు ఉందనుకోండి. ముందు చక్రాల సస్పెన్షన్ విప్పి, అరిగిపోయిన రబ్బరు బుష్‌లు మార్చారు. ఇక తిరిగి బిగించాలి. ఎంత బిగించాలి? "చేతికే తెలుస్తుంది లెండి" అనే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. అనుభవం ఉన్న చేతికి కొంత తెలిసే మాట నిజమే. కానీ వదులుగా ఉంటే కుదుపులకు నట్టు ఊడి చక్రం పట్టు తప్పవచ్చు. మరీ బిగిస్తే బోల్టు లోలోపలే సాగిపోయి, ఎప్పుడో ఒక గుంతలో పుటుక్కున తెగవచ్చు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. అక్కడ టాటా హిటాచీ వారు మట్టి తవ్వే భారీ యంత్రాలు తయారుచేస్తారు. అలాంటి కర్మాగారాల్లో ముఖ్యమైన బోల్టులకు ఎంత బిగింపు కావాలో డ్రాయింగులోనే రాసి ఉంటుంది. అంబాసిడర్ సంగతి వేరు. అదే రాష్ట్రంలో, ఉత్తర్‌పారాలోని హిందుస్థాన్ మోటార్స్‌లో దాని ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది. రైల్వే ఉద్యోగాలకు వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా ఈ కారు ఉంటే, ఆ అంకె కోసం పాత మాన్యువల్ వెతకాలి. దొరికిన అంకెను అర్థం చేసుకోవడమూ తెలియాలి.

బోల్టును తిప్పే శక్తిని టార్క్ లేదా బలభ్రామకం అంటారు. 30 సెంటీమీటర్ల పానా చివర 30 కిలోల బలంతో నొక్కితే 9 కిలోగ్రాం-మీటర్ల టార్క్ వస్తుంది. ఇదే న్యూటన్-మీటర్లలో సుమారు 88, పౌండ్-అడుగుల్లో 65. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పాత బ్రిటిష్ మాన్యువల్‌లో 65 అని చూసి, కొత్త రెంచిని 65 న్యూటన్-మీటర్లకు పెట్టారంటే బిగింపు నాలుగోవంతుకు పైగా తగ్గిపోతుంది. కాబట్టి అంకె కంటే ముందు దాని పక్కనున్న ప్రమాణం చదవండి.

ఇంతకీ మనకు కావలసింది టార్క్ కాదు. బోల్టు గట్టి స్ప్రింగులాంటిది. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగి, తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే భాగాలను కలిపి పట్టి ఉంచుతుంది. తమాషా ఏమిటంటే, మనం పెట్టే శ్రమలో దాదాపు 90 శాతం ఘర్షణకే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన 10 శాతమే. ఘర్షణ కాస్త మారినా లెక్కంతా తారుమారవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 12 మిల్లీమీటర్ల బోల్టు తలపై 8.8 అని ఉందనుకోండి. అది శాశ్వతంగా సాగకుండా సుమారు 49 కిలోన్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. అందులో ముప్పాతిక, అంటే 37 కిలోన్యూటన్ల వరకు బిగించడం వాడుక. మరలు పొడిగా ఉంటే దీనికి దాదాపు 88 న్యూటన్-మీటర్లు కావాలి. అదే మరలకు నూనె రాసి అంతే టార్క్ పెడితే, లాగుడు ఏకంగా 49కి చేరుతుంది. నూనె రాసినప్పుడు 66 చాలు. అంకె పక్కన "పొడిగా" అనో "నూనెతో" అనో రాసి ఉందేమో వెతకమనడం అందుకే.

అంబాసిడర్‌కు మూలం 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3. మీ కారు మాన్యువల్ దొరక్కపోతే దాని మాన్యువల్ దారి చూపుతుంది. అయితే దశాబ్దాలపాటు తయారైన కారులో మార్పులు జరిగి ఉంటాయి. కనుక భాగాన్ని బొమ్మతో పోల్చి చూశాకే అంకె తీసుకోండి. మధ్యలో ఎవరో బోల్టు మార్చి ఉండవచ్చు కూడా. బోల్టు తలపై మూడు గీతలుంటే అది అంగుళాల కొలతల్లో గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. బలంలో గ్రేడ్ 5 రమారమి 8.8కి సాటి. ఏ గుర్తూ లేని బజారు బోల్టును సస్పెన్షన్‌కు వాడకండి. తలపై గుర్తును బట్టి పట్టికలో చూసే అంకె చివరి ఆధారం మాత్రమే. అది బోల్టు ఎంత ఓర్చుకోగలదో చెబుతుంది గానీ, అది పట్టుకున్న రబ్బరు, రేకు ఎంత ఓర్చుకుంటాయో చెప్పదు.

చాలామంది మరిచే విషయం మరొకటి ఉంది. చక్రం గాలిలో వేలాడుతుండగా రబ్బరు బుష్ బోల్టును పూర్తిగా బిగించారంటే, కారు నేలమీదికి దిగగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ త్వరగా చిరిగిపోతుంది. మీ టార్క్ అంకె సరైనదే కావచ్చు, బిగించిన భంగిమే తప్పు. ముందు చేతితో బిగించండి. కారు బరువు చక్రాలపై పడ్డాక చివరి బిగింపు ఇవ్వండి. విప్పేటప్పుడు కూడా జాగ్రత్త. ఈ కారు ముందు భాగంలో మెలి తిరిగిన టార్షన్ బార్ ఉంటుంది. జాకీ ఆసరా పెట్టి దాని బలాన్ని మెల్లగా విడవకుండా చేయి పెట్టారా, ప్రమాదమే.

గాడుల నట్టుకు స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే మాన్యువల్ చెప్పిన టార్క్ దాటకుండా కాస్త ముందుకు తిప్పాలి. వెనక్కి తిప్పి సరిపెట్టకండి. అలా కుదరకపోతే నట్టు మార్చండి. చక్రం బేరింగు నట్టుకు ఈ నియమం వర్తించదు, దాని పద్ధతి వేరు. వెనక కమాన్ల యూ-బోల్టులను కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక మరోసారి రెంచితో చూసుకోండి. పని కాగానే రెంచి స్ప్రింగును అతి తక్కువ అంకెకు వదిలి పెట్టెలో పెట్టండి, లేకపోతే మరుసటిసారి అది చూపే అంకెనే నమ్మలేరు.