పాఠమునకు కన్నులు, చెవులు

సాంఘికశాస్త్రమనగానే విద్యార్థికి రాజుల వరుసయు, సంవత్సరముల పట్టికయు జ్ఞప్తికి వచ్చుచున్నవి. పరీక్ష ముగిసిన మరునాడే అవి మరపున పడును. దోషము శాస్త్రమునది కాదు. కంటికి కనబడని దానిని, చెవికి వినబడని దానిని వల్లె వేయించుటయే దోషము. ఈ కొరతను తీర్చు సాధనములు నేడు సామాన్య పాఠశాలకును అందుబాటులో నున్నవి.

మదనపల్లె నుండి కదిరి పోవు బాటలోని అంగళ్లు గ్రామమునే తీసికొందము. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2009లో వెలువరించిన 'భువన్' పటములో ఆ యూరిని తెరపై చూపినచో, పిల్లలు మొదట తమ బడిని వెదకుదురు. పిమ్మట చెరువును, దాని కట్టను గుర్తింతురు. నీరు ఎటనుండి వచ్చును? కట్ట ఆ ప్రక్కనే ఏల వేసిరి? ఇదియే భూగోళ పాఠము. దృష్టిని దక్షిణమునకు జరుపగా పుంగనూరు, ఆవల కుప్పము కానవచ్చును. అచ్చట కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు చేరువైనవి. అచ్చటి జనులకు రెండు మూడు భాషలు ఏల వచ్చునో వేరుగా చెప్ప నక్కరలేదు.

చరిత్రకు చెవి కావలెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి, 'జనగణమన' గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. సంగీతము నెరిగిన మార్గరెట్ కజిన్స్ ఆ పాట స్వరములను అచ్చటనే కాగితముపై నిలిపెను. 1950 జనవరి 24న అది జాతీయగీతమైనది. ఉపాధ్యాయుడు గీతమును వినిపించి, పటముపై మదనపల్లెను చూపి, ఈ వృత్తాంతము చెప్పినచో, తాము ప్రతిదినము పాడు పాటకును తమ పొరుగూరికిని గల బంధమును పిల్లలు గ్రహింతురు. అటుపై 1919 అను అంకెను కంఠస్థము చేయింప నక్కరలేదు.

అట్లే మదనపల్లె టమోటా మార్కెట్టు ధరలను వారము దినములు వ్రాసికొని గీతలుగా గీచినచో అర్థశాస్త్రము బోధపడును. వెనుకటి కరవులను గూర్చి తాతలు చెప్పు మాటలను చరవాణిలో పదిలపరచినచో, ఏ గ్రంథమునను లేని చరిత్ర తరగతికి వచ్చును.

అయితే తెర ముందు పిల్లలను ఊరక కూర్చుండబెట్టుట బోధన కాదు. చూపుటకు ముందు ఒక ప్రశ్న వేయవలెను. చూపిన పిదప చెరువు కట్ట వరకు నడిపించి సరిచూడనీయవలెను. ప్రతి పిల్లవానికి ఒక యంత్రము అవసరము లేదు. తరగతి కొకటి చాలును. ప్రశ్న మాత్రము ప్రతివానికి ఉండవలెను.