జీరో బిల్లు వస్తోంది సరే, ఇంట్లో వైరింగ్ ఎలా ఉంది?

గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుకునే అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. బిల్లు ఎందుకు రాలేదు, పేరు ఎందుకు ఎక్కలేదు అని మమ్మల్ని అడిగేవాళ్లు చాలామంది. మీటరు దాటాక ఇంట్లో ఉన్న వైర్ల గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు. మీటరు దాకా వచ్చే లైను డిస్కం చూసుకుంటుంది. మీటరు దాటిన తరువాత బోర్డులు, వైరింగు, ఎర్తింగు అన్నీ ఇంటివాళ్ల బాధ్యతే.

ఎలక్ట్రీషియన్ వచ్చి "అన్నా, న్యూట్రల్ లూజుంది, ఎర్తింగ్ లేదు, ఆర్‌సీసీబీ పెట్టుకోవాలె" అంటాడు. మనం తలూపి "మొత్తం ఎంతయితది?" అని ఒక్కటే అడుగుతాం. ఆ మాటలకు అర్థం తెలిస్తే దేనికి ఇప్పుడే డబ్బు పెట్టాలో, ఏది వచ్చే నెలకు ఆపుకోవచ్చో మీరే తేల్చుకోవచ్చు. అందుకే ఈ పీడీఎఫ్. ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటూ ఇంకా స్లాబు వేయనివాళ్లు తప్పకుండా చివరిదాకా చదవండి. మీకు ఇంకా టైముంది.

మూడు వైర్లు, మూడు పనులు

మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు, సుమారు 230 వోల్టులు. స్తంభం నుంచి ఇంటికి రెండు వైర్లు వస్తాయి. కరెంటును మోసుకొచ్చేది ఫేజు. పని చేసిన కరెంటు తిరిగి వెళ్లే దారి న్యూట్రల్. మూడోది ఎర్త్. ఇది స్తంభం నుంచి రాదు, మీ ఇంటి పక్కన తవ్విన గుంతలో నుంచి వస్తుంది. మామూలు రోజుల్లో ఎర్త్ వైరులో కరెంటు ఉండదు. ఫ్రిజ్‌లోనో కూలర్‌లోనో ఫేజు వైరు ఊడి ఇనుప బాడీకి తగిలినప్పుడే దానికి పని పడుతుంది. ఆ కరెంటును మీ ఒంట్లోంచి పోనీయకుండా భూమిలోకి దించడమే దాని పని.

వైరింగులో ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ వాడటం మన దగ్గర అలవాటు. ఎరుపు వైరు అయిపోయిందని నలుపుతోనే ఫేజు లాగేసే మేస్త్రీలు ఉన్నారు. ఒప్పుకోకండి. పదేళ్ల తరువాత ఆ బోర్డు విప్పేవాడికి ఏది ఏదో తెలియదు.

స్విచ్ ఎప్పుడూ ఫేజు వైరు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెట్టినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది, కాబట్టి తేడా ఎవరికీ తెలియదు. కానీ స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలెక్కిన మనిషికి షాక్ కొట్టేది అక్కడే. స్విచ్ ఆపినా మీ ఎల్ఈడీ బల్బు మిణుకు మిణుకుమంటుంటే ఒకసారి ఇది చెక్ చేయించండి. ఇండికేటర్ ఉన్న స్విచ్‌ల వల్ల కూడా అలా జరగొచ్చు, అది వేరే సంగతి.

త్రీ పిన్ ప్లగ్గులో పైన లావుగా, పొడవుగా ఉండే పిన్ను ఎర్త్‌ది. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అందరికంటే ఆఖరున వదలాలి. అందుకే దాన్ని పొడవుగా చేశారు. ఆ పిన్ను విరగ్గొట్టి టూ పిన్ సాకెట్‌లో దూర్చామంటే వస్తువుకు ఉన్న ఒక్క రక్షణనూ మన చేత్తోనే తీసేసినట్టు.

న్యూట్రల్ పోతే ఏమవుతుంది?

టెస్టర్ సాకెట్‌లో ఒక రంధ్రంలోనే వెలగాలి. స్విచ్‌లు ఆన్‌లో ఉండి రెండు రంధ్రాల్లోనూ వెలుగుతూ, ఇంట్లో ఏదీ పనిచేయకపోతే న్యూట్రల్ ఎక్కడో తెగినట్టు. ఇది ఒక్క మీ ఇంటి వరకైతే కరెంటు పోయినట్టే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు న్యూట్రల్ తెగితే మాత్రం ప్రమాదం. కొన్ని ఇళ్లకు వోల్టేజీ పడిపోతుంది, మరికొన్ని ఇళ్లకు 230 దాటి 400 దగ్గరికి కూడా పోవచ్చు. బల్బులు ఒక్కసారిగా తెల్లగా మండటం, ఫ్యాను విపరీతంగా తిరగడం దానికి గుర్తు. వెంటనే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయండి. టీవీ సంగతి తరువాత చూసుకోవచ్చు.

కొన్ని ఊళ్లలో న్యూట్రల్ సరిగా రాకపోతే ఇంటి పక్కన ఇనుప రాడ్డు కొట్టి, దానికి వైరు చుట్టి లైట్లు వెలిగించుకుంటారు. ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడటమన్నమాట. నేల తడిగా ఉన్నన్నాళ్లూ నడుస్తుంది. ఎండాకాలం మట్టి ఆరిపోయాక ఆ కరెంటు భూమిలోకి దిగలేక రాడ్డు మీదే నిలుస్తుంది. అటుగా వచ్చిన మేక తగిలినా, ఆడుకునే పిల్లవాడు తగిలినా అంతే. ఈ పని ఎవరు చేసినా ఆపించండి.

ఫ్యూజు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ: ఏది ఎవరిని కాపాడుతుంది?

అందరూ తికమకపడేది ఇక్కడే. ఫ్యూజు, ఎంసీబీ కాపాడేది ముఖ్యంగా వైర్లను. లోడు ఎక్కువైనా, ఫేజూ న్యూట్రలూ కలిసి షార్ట్ సర్క్యూట్ అయినా వైరు కాలకముందే లైను తెంపుతాయి. ఫ్యూజు పోయిన ప్రతిసారీ దాంట్లో మందం రాగి వైరు చుడితే ఇక అది ఫ్యూజు కాదు. తెగాల్సినప్పుడు తెగదు, బదులుగా గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే అంతకంటే పెద్దది తెచ్చి పెట్టడం కూడా అలాంటి పనే. వైరు తట్టుకునే కరెంటు కంటే ఎంసీబీ సైజు ఎక్కువ ఉండకూడదు.

మరి మనిషికి షాక్ కొడితే ఎంసీబీ పడిపోదా? పడదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. దాదాపు అంతే కరెంటు గుండె మీదుగా కొద్దిసేపు పోతే మనిషి చనిపోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, ఇంకో బల్బు వెలిగిందనుకుంటుంది.

మనిషిని కాపాడటానికి ఉన్నది ఆర్‌సీసీబీ. పాతవాళ్లు, కొందరు ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఈఎల్‌సీబీ అంటారు. ఇది ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు మనిషిలోంచో, తడి గోడలోంచో బయటికి పోతున్నట్టు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, కన్నుమూసి తెరిచే లోపు లైను తెంపేస్తుంది. ఇళ్లకు కొనాల్సింది ఈ 30 మిల్లీ ఆంపియర్లదే. 100, 300 అని రాసి ఉన్నవి కూడా షాపులో ఉంటాయి, అవి మనుషుల రక్షణకు కాదు. కొనేముందు ఐఎస్ఐ గుర్తు చూడండి. కంపెనీని బట్టి ధర రెండు వేల రూపాయలకు అటూఇటూ ఉంటుంది. ఇంటికి రంగులు వేయించే ఖర్చులో ఇదెంత?

దాని మీద 'టీ' అని ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే, మార్పించండి. ఇంకో మాట: ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుకు పడదు, కాబట్టి ఎంసీబీలు కూడా ఉండాల్సిందే. ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి రెండు చేతులతో పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు, ఎందుకంటే దాని లెక్కలో తేడా రాదు.

వర్షం పడినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతోందని తీసేయించుకున్న ఇళ్లున్నాయి. అది పాడైపోయి పడిపోవడం తక్కువ. ఎక్కువసార్లు తడిసిన గోడలో లీకేజీ ఉందని చెబుతోందన్నమాట.

లీకేజీకీ జీరో బిల్లుకూ సంబంధం

1000 వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాను రోజంతా తిరిగితే 1.8 యూనిట్లు. 200 యూనిట్లను 30 రోజులకు పంచితే రోజుకు ఆరున్నర యూనిట్లు దాటుతుంది. చిన్న కుటుంబానికి అది సరిపోతుంది. కానీ గోడలో అర ఆంపియరు లీకేజీ ఉందనుకోండి. అది 115 వాట్లు, రోజుకు 2.76 యూనిట్లు, నెలకు దాదాపు 83 యూనిట్లు. ఎవరూ వాడుకోకుండానే భూమిలోకి పోతాయి. 200 దాటిన నెల జీరో బిల్లు రాదు, మొత్తం యూనిట్లకూ బిల్లు కట్టాల్సి వస్తుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మెయిన్ ఆన్‌లో ఉంచి అన్ని స్విచ్‌లు ఆపేయండి, ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్గులు తీసేయండి. మీటరు మీది ఎర్ర లైటు అప్పటికీ మెరుస్తూ ఆరుతూ ఉంటే కరెంటు ఎక్కడికో పోతోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎర్తింగ్ గుంత

పైపు ఎర్తింగ్ అంటే సుమారు రెండున్నర మీటర్ల జీఐ పైపును గుంతలో నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పై నుంచి నీళ్లు పోసే ఏర్పాటు చేయడం. మట్టి తడిగా ఉంటేనే కరెంటు దిగుతుంది. అందుకే వేసవిలో వారానికో రెండుసార్లు బకెట్ నీళ్లు పోయండి. ఎర్తింగ్ ఎంత బాగున్నా ఒక్కటే చాలదు. గుంత నిరోధం 10 ఓంలు ఉంటే, 230 వోల్టుల దగ్గర పోయే కరెంటు 23 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోదు, అంతసేపూ కూలర్ బాడీకి కరెంటు ఉంటుంది. ఎర్తింగూ ఆర్‌సీసీబీ రెండూ కలిసి ఉండాలనేది అందుకే.

కూలరు, హీటరు రాడ్డు, దండెం

ఇనుప కూలర్‌లో నీళ్లు, మోటారు, ఇనుప బాడీ, కింద తడి నేల, వట్టి కాళ్లు అన్నీ ఒక్కచోట కలుస్తాయి. నీళ్లు పోసేముందు, గడ్డి తడపడానికి ముందు, స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు పీకేయండి. త్రీ పిన్ ప్లగ్గు ఉండాలి, ఆ ఎర్త్ వైరు నిజంగా బాడీకి కలిసి ఉందో లేదో సీజను మొదట్లో ఒకసారి చూపించండి.

నీళ్లు కాచే రాడ్డుకు వరస ముఖ్యం. ముందు ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు, అందులో రాడ్డు గీత దాకా మునగాలి, ఆ తరువాతే స్విచ్. కాగాయా అని వేలు పెట్టి చూడాలంటే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీయండి. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. లైట్ల బోర్డులోని చిన్న 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు, 16 ఆంపియర్లది కావాలి. స్నానాల గదిలో పిల్లలుండగా రాడ్డు పెట్టడం అసలు వద్దు.

బట్టలారేసే దండెం ఇనుప తీగతో కట్టొద్దు, ముఖ్యంగా సర్వీసు వైరు వచ్చే పైపుకో, రేకుల షెడ్డు కమ్మీకో అసలు కట్టొద్దు. సర్వీసు వైరు తొడుగు ఎండకు చిట్లి రేకుకు ఒరుసుకుంటే దండెం మొత్తం కరెంటు తీగ అవుతుంది. తడి బట్ట వేయబోయిన అమ్మకు షాక్ కొడితే, ఆమెను లాగబోయినవాళ్లకూ కొడుతుంది. ప్లాస్టిక్ తాడు కట్టుకోండి, అయిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక ఊళ్లో ధైర్యమున్న కుర్రాడిని ఎక్కిస్తారు. అది డిపార్ట్‌మెంట్ పని. ఆ ధైర్యాన్ని మెచ్చుకోకండి.

ఎవరికైనా షాక్ కొడితే

చేత్తో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి, మెయిన్ ఆపినా దాని లైనులో కరెంటు ఉంటుంది. మెయిన్ అందకపోతే పొడి చెక్క మీదో పొడి ప్లాస్టిక్ కుర్చీ మీదో నిలబడి, పొడి కర్రతో వైరును పక్కకు నెట్టండి. ఇది ఇంటి వైరింగుకు మాత్రమే. స్తంభం మీది తీగ తెగిపడితే దూరంగా ఉండి 1912కు చెప్పండి. మనిషి విడిపడ్డాక 108కి ఫోన్ చేయండి. పలకక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇందిరమ్మ ఇల్లు కడుతున్నవాళ్లకు

5 లక్షల సాయం దశలవారీగా వస్తుంది కాబట్టి వైరింగుకు వచ్చేసరికి చేతిలో డబ్బు తగ్గిపోయి ఉంటుంది. ఎక్కువమంది కోత పెట్టేది ఆకుపచ్చ వైరుకే. స్లాబు వేసేముందు పైపులు పరిచేటప్పుడే ఎలక్ట్రీషియన్‌తో కూర్చోండి. ప్రతి సాకెట్‌కూ ఎర్త్ వైరు వెళ్లాలని, బోర్డులో ఆర్‌సీసీబీకి చోటుండాలని చెప్పండి. లైట్లు, ఫ్యాన్లకు 1.5, పెద్ద సాకెట్లకు 2.5, గీజరు లేదా ఏసీ పెట్టే చోటుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడగండి. చుట్ట మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అనే నంబరు ఉంటాయి, చూసి తీసుకోండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. గోడ ప్లాస్టరింగ్ కాకముందు ప్రతి గోడలో పైపులు ఎటు పోయాయో ఫోనులో ఫొటోలు తీసి దాచుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి.

జీరో బిల్లు రానివాళ్లు రేషన్ కార్డు, ఆధార్, తాజా కరెంటు బిల్లు తీసుకుని మండల పరిషత్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో అడగండి. బిల్లు మీదున్న సర్వీసు నంబరు, దరఖాస్తులో రాసిన నంబరు ఒకటేనా కాదా అన్నది ముందు చూసుకోండి. వోల్టేజీ హెచ్చుతగ్గులు, వేలాడే తీగలు, ఒరుసుకుంటున్న సర్వీసు వైరు, వంగిన స్తంభం వంటి వాటికి నంబరు 1912. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసి పెట్టుకోండి.