వార్తల్లో పదం: రూపాయి క్షీణత

డాలరు కొనడానికి మునుపటికన్నా ఎక్కువ రూపాయలు పెట్టాల్సి రావడమే రూపాయి క్షీణత. 2022 జులైలో తొలిసారి 80 రూపాయలు తాకిన డాలరు, 2025 డిసెంబరులో 90 దాటింది. చమురు, బంగారం దిగుమతులకు డాలర్ల గిరాకీ పెరిగినా, విదేశీ మదుపరులు మన షేర్లు అమ్ముకుని వెళ్లినా రూపాయి మీద ఒత్తిడి పడుతుంది.

విదేశీ ప్రయాణికుడి జేబుకు ఇది నేరుగా చిల్లు. అమెరికాలో 150 డాలర్ల హోటల్ గది అద్దె ఒక్క సెంటు పెరగకపోయినా, డాలరు 80 ఉన్నప్పుడు 12,000 రూపాయలు, 90 అయితే 13,500. పది రాత్రులకు 15,000 అదనం. విమానాల లీజు అద్దెలూ డాలర్లలోనే కాబట్టి, రూపాయల్లో కొనే టికెట్ల మీదా ఆ భారం పడుతుంది.

పోనీ దుబాయ్ వెళ్దామన్నా అంతే. అక్కడి కరెన్సీ దిర్హమ్. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హమ్‌లని రేటు కట్టేశారు. డాలరుతోపాటు దిర్హమ్ కూడా ప్రియమవుతుంది. జపాన్ లెక్క వేరు. 2021 ఆరంభంలో 100 యెన్‌లకు దాదాపు 70 రూపాయలు పెట్టాల్సి వస్తే, 2024 జూన్ చివరికి 52 చాలాయి. డాలరు ముందు యెన్ మన రూపాయికన్నా ఎక్కువ పడిపోవడమే కారణం.

విదేశాల్లో కార్డు గీకినప్పుడు ‘రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా?’ అని యంత్రం అడిగితే స్థానిక కరెన్సీనే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటులో సాధారణంగా అదనపు వడ్డన ఉంటుంది.