ఆవిరి మీద ఉడికే చిన్న బర్గరు

బర్గరు అనగానే మీకు పెద్ద బన్ను, దాని మధ్య వేలెడు మందాన మాంసపు బిళ్ళ, పక్కలనుంచి కారే సాసు గుర్తుకు రావచ్చు. ఈ పాఠంలో మనం తీసుకునేది అది కాదు. అరచేతిలో సగం కూడా ఆక్రమించని, రెండు మూడు సార్లు కొరికితే అయిపోయే చిన్న బర్గరు. అమెరికాలో దీన్ని స్లైడర్ అంటారు. ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. అయితే వంట ఒక్కటే నేర్చుకోవడానికి మనం కూర్చోలేదు. భౌతికశాస్త్రంలో మీరు చదివే గుప్తోష్ణం, ఉష్ణవహనం, జీవశాస్త్రంలో చదివే బాక్టీరియా ఒకే పెనం మీద కలుసుకునే చోటు ఇది. ఆ బాక్టీరియా సంగతి పట్టించుకోకపోతే వంట చెడడంతో సరిపోదు, ప్రాణం మీదికి వస్తుంది.

ముందు ఈ బర్గరు ఎక్కడ పుట్టిందో చూద్దాం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే పట్టణం ఉంది. అక్కడ వాల్టర్ ఆండర్సన్ అనే వంటవాడు 1916లో చిన్న బర్గర్ల దుకాణం పెట్టాడు. మాంసపు ముద్దను పెనం మీద పలచగా అదిమి, ఉల్లిపాయతో కలిపి వండడం అతని పద్ధతి. 1921లో బిల్లీ ఇంగ్రమ్ అనే వ్యాపారి అతనితో చేతులు కలిపాడు. ఇద్దరూ కలిసి 'వైట్ కాసిల్' అనే పేరుతో దుకాణాలు తెరిచారు. ఒక్కో బర్గరు ధర 5 సెంట్లు.

పేరులో 'తెలుపు' ఎందుకు వచ్చిందో గమనించండి. 1906లో అప్టన్ సింక్లెయిర్ 'ది జంగిల్' అనే నవల రాశాడు. షికాగో మాంసం కర్మాగారాల్లోని మురికిని అది బయటపెట్టింది. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వం మాంసం తనిఖీ చట్టం తెచ్చింది. కొట్టిన మాంసం అంటే అందులో ఏం కలిపారో అన్న అనుమానం జనంలో చాలాకాలం మిగిలిపోయింది. అందుకే ఈ దుకాణాల గోడలు తెల్లగా, లోపలి బల్లలు మెరిసే ఉక్కుతో ఉండేవి. శుభ్రతను కంటికి చూపించి అమ్మాలని ఇంగ్రమ్ ఆలోచన.

అతను అంతటితో ఆగలేదు. 1930లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక పరిశీలనకు డబ్బిచ్చాడు. ఒక వైద్య విద్యార్థి 13 వారాలపాటు ఈ బర్గర్లు, మంచినీళ్ళు తప్ప మరేమీ తీసుకోలేదు. ఆరోగ్యంగానే ఉన్నాడని తేలింది. కంపెనీ దాన్ని ప్రకటనల్లో బాగా వాడుకుంది. మీరు సైన్సు విద్యార్థులు కాబట్టి ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పరిశీలించింది ఒక్క మనిషిని. పోల్చి చూడడానికి మరో బృందం లేదు. డబ్బు పెట్టింది సరుకు అమ్ముకునేవాడు. ఇలాంటి 'ప్రయోగాలు' మన టీవీ ప్రకటనల్లోనూ మీకు కనిపిస్తాయి.

ఇక వండే పద్ధతి. పెనం మీద ముందుగా సన్నగా తరిగిన ఉల్లిపాయ పరుస్తారు. దాని మీద పలచని చదరపు ప్యాటీని ఉంచుతారు. ప్యాటీకి అయిదు చిల్లులు ఉంటాయి. దానిమీద బన్ను పెడతారు. ప్యాటీని తిరగెయ్యరు. కింద ఉల్లిలోని నీరు ఆవిరై, చిల్లుల్లోంచి, అంచుల పక్కనుంచి పైకి వస్తూ మాంసాన్నీ బన్నునూ ఉడికిస్తుంది. అంటే ఇది వేపుడు కాదు. మన ఇడ్లీ, కుడుము ఎలా ఉడుకుతాయో ఇదీ అలాగే ఉడుకుతుంది.

ఆవిరికి అంత శక్తి ఎక్కడిది? ఒక గ్రాము నీరు 100 డిగ్రీల సెల్సియస్ నుంచి 70 డిగ్రీలకు చల్లబడితే 30 కేలరీల ఉష్ణం ఇస్తుంది. అదే 100 డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము ఆవిరి నీరుగా మారితే, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గకుండానే 540 కేలరీలు ఇస్తుంది. ఇదే బాష్పీభవన గుప్తోష్ణం. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి ఎందుకంత తీవ్రంగా కాలుతుందో ఇప్పుడు అర్థమైందా?

చిన్న లెక్క వేద్దాం. 25 గ్రాముల ప్యాటీ ఫ్రిజ్ నుంచి 10 డిగ్రీల దగ్గర బయటికి వచ్చిందనుకోండి. దాన్ని 71 డిగ్రీలకు తేవాలి. మాంసం విశిష్టోష్ణం సుమారు 0.8. కాబట్టి కావలసిన ఉష్ణం 25 × 0.8 × 61, అంటే 1220 కేలరీలు. దీన్ని 540తో భాగిస్తే రెండుంపావు గ్రాముల పైచిలుకు. అంటే ఒక్కో ప్యాటీ మీద అంత ఆవిరి నీరుగా మారితే చాలు. పన్నెండింటికి 27 గ్రాములు. కొంత ఆవిరి మూత సందుల్లోంచి పోతుంది, కొంత బన్ను తీసుకుంటుంది. అయినా ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు చెంచాల నీళ్ళు ఉంటే సరిపోతుంది. ఉల్లిపాయ బరువులో నూటికి 85 పాళ్ళకు పైగా నీరే కదా!

ఈ పద్ధతికి ఒక నష్టం ఉంది, చెప్పాలి. మాంసం ఎర్రగా వేగినప్పుడు వచ్చే కమ్మని వాసన మెయిలార్డ్ చర్యవల్ల వస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ 1912లో దాన్ని వివరించాడు. అది చురుగ్గా సాగాలంటే 140 డిగ్రీలు దాటాలి. నీరు ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 దాటదు. అందుకే ఈ ప్యాటీ బూడిదరంగులో మెత్తగా ఉంటుంది. చూపుకు ఆనదు. ఆ లోటును ఉల్లి వాసన పూడుస్తుంది.

ఇప్పుడు అసలైన విషయానికి వద్దాం. మాంసం ముక్కను పైపైన కాల్చి, లోపల కాస్త పచ్చిగా ఉండగానే తినేవాళ్ళు పాశ్చాత్య దేశాల్లో ఉన్నారు. కొట్టిన మాంసాన్ని, అంటే మనం కైమా లేదా ఖీమా అనేదాన్ని అలా తినకూడదు. ఎందుకు?

10 సెంటీమీటర్ల భుజం ఉన్న మాంసపు ఘనాన్ని ఊహించుకోండి. దాని ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. బాక్టీరియా సాధారణంగా ఆ ఉపరితలం మీదే ఉంటుంది. దాన్ని 2 మిల్లీమీటర్ల చిన్న ఘనాలుగా కొడితే 1,25,000 ముక్కలవుతాయి. ఒక్కోదాని ఉపరితలం 0.24 చదరపు సెంటీమీటర్లు. మొత్తం 30,000. ఉపరితలం 50 రెట్లు పెరిగింది. అంతేకాదు, బయట ఉన్న బాక్టీరియా కత్తితోపాటు లోపలికి వెళ్ళి ముద్దంతా కలిసిపోయింది. ఇక ఆ ముద్దకు 'లోపల', 'బయట' అన్న తేడా లేదు.

1993 జనవరిలో ఈ సూత్రం అమెరికాలో చాలా దారుణంగా రుజువైంది. జాక్ ఇన్ ది బాక్స్ అనే దుకాణాల బర్గర్లు తిని, ముఖ్యంగా వాషింగ్టన్ రాష్ట్రంలో, 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ప్యాటీలు సరిగా ఉడకలేదు. కారణం ఇ. కోలై ఓ157:హెచ్7 అనే బాక్టీరియా. ఇది పశువుల పేగుల్లో వాటికి హాని చెయ్యకుండా బతుకుతుంది. మనిషిలో రక్తవిరేచనాలు కలిగిస్తుంది. చిన్నపిల్లల్లో కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మరుసటి సంవత్సరం, 1994లో, కొట్టిన గొడ్డుమాంసంలో ఈ బాక్టీరియా ఉంటే దాన్ని కల్తీ సరుకుగానే పరిగణిస్తామని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అక్కడి వ్యవసాయశాఖ సలహా ప్రకారం కొట్టిన గొడ్డుమాంసం, గొర్రెమాంసం మధ్యభాగం 71 డిగ్రీలకు చేరాలి. కోడిమాంసం అయితే 74.

'రంగు మారితే ఉడికినట్టే కదా' అని మీరు అనవచ్చు. కాదు. కొన్నిసార్లు మాంసం 71 డిగ్రీలు చేరకముందే గోధుమరంగుకు తిరుగుతుంది. రంగును నమ్మకండి. సన్నని మొన ఉన్న వంటింటి థర్మామీటరును ప్యాటీ పక్కనుంచి మధ్యకు గుచ్చి చూడడమే సరైన పద్ధతి. అది లేనివాళ్ళు మందాన్నీ సమయాన్నీ కచ్చితంగా పాటించాలి. ఉష్ణవహనంలో మందం రెట్టింపైతే లోపలికి వేడి చేరే సమయం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మొదటిసారి చేసినప్పుడు నేను ఈ సంగతి తెలిసీ బద్ధకించి, చేత్తో లావుపాటి బిళ్ళలు తట్టాను. విరిచి చూస్తే మధ్యలో గులాబీరంగు. అన్నీ మళ్ళీ పెనం ఎక్కాయి, బన్నులు ముద్దయ్యాయి.

మన దేశంలో బర్గరు గొలుసు దుకాణాలు సాధారణంగా గొడ్డుమాంసం వాడవు. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడే దాన్నీ పందిమాంసాన్నీ పక్కన పెట్టింది. మనమూ మటన్ కైమాతోనో చికెన్ కైమాతోనో చేసుకుందాం. సూత్రాలు మారవు, జాగ్రత్తలూ మారవు. మేకలూ గొర్రెలూ కూడా ఇ. కోలైని మోస్తాయి. కోళ్ళలో సాల్మొనెల్లా ఉంటుంది.

పన్నెండు బర్గర్లకు 300 గ్రాముల కైమా కావాలి. కాస్త కొవ్వు ఉన్న మాంసాన్ని బాగా సన్నగా కొట్టించండి. చికెన్ అయితే కొవ్వు తక్కువ కాబట్టి ఒక చెంచా నూనె కలపండి. వండేరోజే కొనండి, కొన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. అనుకూలమైన వేడిలో బాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. మే నెలలో మన వంటింట్లో 5 గంటలు బయట వదిలేస్తే 15 సార్లు రెట్టింపు, అంటే వంద బాక్టీరియా 32 లక్షలు దాటుతాయి. తరవాత ఉడికిస్తే చస్తాయి కదా అనుకోవద్దు. కొన్ని రకాలు వదిలే విషాలు ఉడికించినా పోవు.

కైమాలో ఉప్పు కలపకండి. ఉప్పు వేసి పిసికితే మయోసిన్ అనే ప్రోటీన్ కరిగి జిగురుగా అల్లుకుంటుంది. సీఖ్ కబాబ్ ఊచను పట్టుకుని ఉండడానికి అది కావాలి. ఇక్కడ మాత్రం ప్యాటీ రబ్బరులా సాగుతుంది. మిరియాల పొడి వేసి, వేళ్ళతో తేలికగా కలపండి. ఇప్పుడు 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పళ్ళెంలో ప్లాస్టిక్ కాగితం పరిచి, కైమాను అంచులదాకా సమంగా అదమండి. ఈ కొలతే ఎందుకు? మాంసం సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది. 300 గ్రాములంటే దాదాపు 300 ఘన సెంటీమీటర్లు. దాన్ని 600 చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే మందం అర సెంటీమీటరు. స్కేలు అక్కర్లేకుండానే మందం కుదిరిపోయింది. పళ్ళెం చిన్నదైతే కైమా తగ్గించండి, మందం పెంచకండి.

పళ్ళేన్ని 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే కైమా గట్టిపడుతుంది. పొడవున నాలుగు, అడ్డంగా మూడు భాగాలు వచ్చేలా కత్తితో గీయండి. పన్నెండు చదరాలు వస్తాయి. ఒక్కోదానికి మధ్యలో ఒకటి, నాలుగు మూలల వైపు నాలుగు చిల్లులు పెట్టండి. శుభ్రమైన స్ట్రా చాలు. చెయ్యీ కత్తీ పీటా సబ్బుతో కడిగిన తరవాతే కీరదోస తరగండి. ఈ ఒక్క అడుగు మరిచిపోయేవాళ్ళు ఎక్కువ. ప్యాటీ ఉడుకుతుంది, కీర ఉడకదు. కీర చక్రాలను ఉప్పు, కొంచెం వెనిగర్‌లో అరగంట నాననివ్వండి.

మూత గట్టిగా పట్టే వెడల్పాటి పెనాన్ని మధ్యస్థమైన మంట మీద పెట్టండి. ఒక చెంచా నూనె, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ, కాస్త ఉప్పు వేసి, ఉల్లి మెత్తబడేదాకా రెండు మూడు నిమిషాలు కలపండి. ఎర్రబడనివ్వవద్దు. ఉల్లిని సమంగా పరిచి నాలుగు చెంచాల నీళ్ళు చల్లండి. ప్యాటీలు దానిమీద పేర్చి, చిటికెడు ఉప్పు చల్లండి. పెనంలో ఆరే పడితే రెండు విడతలుగా చెయ్యండి, ఉల్లినీ సగం సగం చేసుకోండి, నీళ్ళు మాత్రం రెండుసార్లూ చల్లండి. ఒకదానిమీద ఒకటి ఎక్కించవద్దు. మూతపెట్టి 4 నిమిషాలు ఆగండి. తరవాత చిన్న బన్నుల కింది సగాన్ని ప్యాటీమీద, పై సగాన్ని దానిమీద ఉంచి, మళ్ళీ మూతపెట్టి 4 నిమిషాలు ఉంచండి. నీళ్ళు ఇంకిపోయినట్టు చిటపట వినిపిస్తే పక్కనుంచి ఒక చెంచా పొయ్యండి.

బన్ను నిన్నటిదైనా పరవాలేదు. రొట్టె పాతబడి గట్టిపడేది ఎండిపోవడంవల్ల మాత్రమే కాదు. అందులోని పిండిపదార్థపు అణువులు మళ్ళీ స్ఫటికాల్లా సర్దుకుంటాయి. 60 డిగ్రీలు దాటితే ఆ అమరిక విడిపోయి బన్ను తిరిగి మెత్తబడుతుంది. నిన్నటి ఇడ్లీని మీ అమ్మగారు మళ్ళీ ఆవిరి పట్టేది ఇందుకే.

శాకాహారులు ఆలుగడ్డ బిళ్ళతో చెయ్యాలనుకుంటే ఆవిరి జోలికి వెళ్ళవద్దు. మాంసంలో ప్రోటీన్ వేడికి బిగుసుకుని ప్యాటీని పట్టి ఉంచుతుంది. ఉడికిన ఆలుగడ్డలో ఆ బిగువు లేదు కాబట్టి ఆవిరికి బిళ్ళ విడిపోతుంది. దాన్ని విడిగా నూనెలో రెండువైపులా వేయించి, బన్నును మాత్రం ఉల్లి ఆవిరి మీద మెత్తబరచండి.

మూత తీసేటప్పుడు మీకు అవతలి వైపున్న అంచును ముందు ఎత్తండి, ఆవిరి ముఖానికి కొట్టకుండా. అట్లకాడను ఉల్లి కిందికి పోనిచ్చి, ఉల్లి, ప్యాటీ, కింది బన్ను అన్నీ కలిపి ఒకేసారి లేపి పళ్ళెంలోకి బోర్లించండి. ఉల్లి పైకి వస్తుంది. దానిమీద కీర చక్రం ఒకటి పెట్టి, పై బన్ను మూసి, వేడివేడిగా తినండి. చల్లారితే బన్ను తడిని పీల్చి జావకారుతుంది.