మూడుసార్లు ఐవీఎఫ్ ఫలించకపోతే... నాలుగోదానికి ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఒక్కో ఐవీఎఫ్ సైకిల్‌లో బిడ్డ పుట్టే అవకాశం 30 శాతం అనుకుందాం. వరసగా మూడూ విఫలమయ్యే అవకాశం ఎంత? 0.7ను మూడుసార్లు హెచ్చవేస్తే 34 శాతం. అంటే అలాంటి వంద జంటల్లో 34 జంటలకు, కొత్తగా ఏ లోపమూ లేకుండానే, మూడుసార్లూ నిరాశే ఎదురవుతుంది. అవకాశం 10 శాతమే ఉంటే ఆ 34 కాస్తా 73 అవుతుంది. హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ కొట్టు నడిపే దంపతులైనా, అక్కడే మూటలు మోసే హమాలీ కుటుంబమైనా మళ్లీ అప్పు చేసేముందు ఈ లెక్క తెలుసుకోవాలి. తప్పంతా కోడలిదేనని నిలదీసే అత్తింటివారు మరీ తెలుసుకోవాలి.

బ్రిటన్‌లో 1,56,947 మంది మహిళల రికార్డులు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. మొదటి సైకిల్‌లో బిడ్డ పుట్టింది 29.5 శాతం మందికి. నాలుగో సైకిల్ వరకూ అది 20 శాతానికి పైనే ఉంది. ఆరు సైకిళ్లు పూర్తయ్యేసరికి మొత్తం అవకాశం 65 శాతమని అంచనా వేశారు. సొంత అండాలతో ప్రయత్నించిన 40-42 ఏళ్లవారికి మాత్రం మొదటిసారి 12.3, ఆరింటికీ కలిపి 31.5 శాతమే. ఆ అధ్యయనంలో సైకిల్ అంటే ఒకసారి తీసిన అండాలతో తయారైన పిండాలన్నీ, ఫ్రీజ్ చేసినవాటితో సహా, వాడేయడం. మీ పిండాలింకా మిగిలి ఉంటే ఆ సైకిల్ పూర్తికానట్టే.

అలాగని వెతకాల్సినవి లేవని కాదు. నీరు చేరిన ఫాలోపియన్ ట్యూబులు గర్భం నిలిచే అవకాశాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. ముందే వాటిని తీసేస్తే, లేదా క్లిప్ వేస్తే ఫలితం మెరుగవుతుంది. మన దేశంలో ట్యూబులు దెబ్బతినడానికి క్షయ ఒక ముఖ్య కారణం. దాని మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. థైరాయిడ్, గర్భసంచి లోపలి పొర, భార్యాభర్తలిద్దరి క్రోమోజోములు, భర్త వీర్యం కూడా చూడాలి.

డబ్బు వృథా అయ్యేది ఇతర హంగుల దగ్గరే. గర్భసంచి పొరను గీకితే పిండం అంటుకుంటుందన్నారు. 1,364 మందిపై చేసిన పరీక్షలో గీకినా, గీకకున్నా బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికే. పిండం పెట్టాల్సిన సమయం చెప్పే ఈఆర్ఏ పరీక్ష ప్రకారం నడిచినవారిలో 58.5 శాతం మందికి, ఆ ప్రకారం నడవనివారిలో 61.9 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇవి చేయించమంటే రుజువు చూపించమని నిర్మొహమాటంగా అడగండి.

వయసు మీరిన మహిళల్లో సమస్య చాలావరకూ అండానిదే. దాత అండాలతో వయసు తేడా దాదాపు చెరిగిపోతుంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళకు దాత అండాలతోనే కవలలు పుట్టారు. దాన్ని ఆదర్శంగా తీసుకోకూడదు. ఆ వయసులో గర్భం ప్రాణాంతకం కావచ్చు. 2021 నాటి సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) చట్టం మహిళకు 50, పురుషుడికి 55 ఏళ్లు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. దాత జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఏడుకు మించి తీయకూడదు.

ఇక సరోగసీ సంగతి. డబ్బిచ్చి గర్భం అద్దెకు తీసుకోవడం నేరం. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో సరోగసీ పేరుతో దంపతుల దగ్గర సుమారు 35 లక్షలు తీసుకుని, 90 వేలకు కొన్న పసికందును వారి చేతిలో పెట్టారన్నది పోలీసుల అభియోగం. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాకే బిడ్డ తమది కాదని వాళ్లకు తెలిసింది. ప్యాకేజీ ధర చెప్పే సరోగసీ ఎక్కడ కనబడ్డా వెనక్కి తిరగండి.

ప్రైవేటు ఖర్చు భరించలేనివారి కోసం 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఉచిత ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. దత్తతకూ వయసు లెక్క ఉంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. ఆ ఆలోచన ఉన్నవారు చికిత్సలన్నీ అయ్యాక చూద్దామనుకోకుండా ఇప్పుడే ఆ రెండు వయసులూ కూడి చూసుకోండి.